ఇంట్లో 26 డివైజ్‌లు, ఒక్క రౌటర్: కొత్తది కొనే ముందు ఇవి చూడండి

మీ ఇంట్లో వైఫైకి ఎన్ని డివైజ్‌లు కనెక్ట్ అయి ఉన్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? ‘ఓ పదీ పన్నెండూ ఉంటాయేమో’ అని నేనూ అనుకున్నా. రౌటర్ యాప్ ఓపెన్ చేసి చూస్తే 26 ఉన్నాయి. ఆరుగురు మనుషులకి ఏడు ఫోన్లు (నాన్నగారికి రెండు), నాలుగు ల్యాప్‌టాప్‌లు, రెండు టీవీలు, ఒక ట్యాబ్, రెండు స్మార్ట్ స్పీకర్లు, మూడు సీసీ కెమెరాలు, నాలుగు స్మార్ట్ బల్బులూ ప్లగ్‌లూ, ఒక ఏసీ, ఒక ప్రింటర్, ఒక వాచ్. వీటన్నిటికీ కలిపి హాల్లో టీవీ వెనకాల, నెట్ కనెక్షన్ తీసుకున్నప్పుడు ఫ్రీగా ఇచ్చిన ఒక్క తెల్ల డబ్బా.

ఇన్నాళ్లూ ‘నెట్ స్లో’ అని అందరూ విసుక్కుంటూనే నెట్టుకొచ్చాం. కానీ మొన్న చెల్లి ఉద్యోగం ఇంటర్వ్యూలో ఉండగా వీడియో ఫ్రీజ్ అయింది. అవతలివాళ్లు ‘మీ వాయిస్ కట్ అవుతోంది’ అని మూడుసార్లు అన్నారట. ఎలాగో ఆ రౌండ్ దాటింది కానీ, గది బయటికి వచ్చి ‘అన్నయ్యా, వచ్చే గురువారం ఫైనల్ రౌండ్. నువ్వు ఊళ్లో వాళ్ల ఫోన్లన్నీ రివ్యూ చేస్తావు, మన ఇంట్లో వైఫై మాత్రం చూడవు’ అంది. సమాధానం చెప్పలేకపోయా.

ఆ కంగారులో వెంటనే ఒక తప్పు చేశా. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ‘1200’ అని ఉన్న ఒక చవక రౌటర్ ఆర్డర్ పెట్టేశా. మాది 200 ఎంబీపీఎస్ ప్లాన్. పాత డబ్బాతో హాల్లో 170 వరకూ వచ్చేది. కొత్తది పెట్టాక 94 దాటలేదు. డబ్బులిచ్చి మరీ స్పీడ్ తగ్గించుకున్నానన్నమాట! ఎందుకలా అయిందో కింద చెప్తా. అది రిటర్న్ చేసి, ఈసారి పద్ధతిగా చూశా. మీరు ఆ తప్పు చేయకుండా ఉండటానికే ఈ ఆర్టికల్.

ముందు సమస్య ఎక్కడుందో చూడండి

రౌటర్ మార్చాలని డిసైడ్ అయ్యే ముందు మూడు టెస్టులు చేయండి. పావుగంట కూడా పట్టదు.

మొదటిది, కేబుల్ టెస్ట్. ల్యాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో నేరుగా ఫైబర్ డబ్బాకి కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. గిగాబిట్ పోర్ట్ ఉన్న ల్యాప్‌టాప్ అయితేనే ఈ టెస్టుకి అర్థం ఉంటుంది. ప్లాన్ స్పీడ్ దాదాపుగా వస్తుంటే లైన్ బాగానే ఉన్నట్టు. రాకపోతే సమస్య లైన్‌లో ఉంది. కంప్లయింట్ ఇవ్వండి. పది వేల రౌటర్ పెట్టినా అది బాగుపడదు.

రెండోది, నడిచే టెస్ట్. ఒకే ఫోన్ పట్టుకుని డబ్బా పక్కన ఒకసారి, మీకు ఇబ్బందిగా ఉన్న గదిలో ఒకసారి టెస్ట్ చేయండి. మా ఇంట్లో హాల్లో 170, చెల్లి గదిలో 12. దగ్గర బాగుండి దూరంలో పడిపోతుంటే అది సిగ్నల్ సమస్య. దగ్గర కూడా సాయంత్రాలు పడిపోతుంటే రౌటర్ లోడ్ మోయలేకపోతున్నట్టో, పక్క ఫ్లాట్ల వైఫైతో ఛానెల్ నిండిపోయినట్టో అనుకోవచ్చు.

మూడోది చాలామంది వదిలేసేది: లోడ్‌లో పింగ్. ఊక్లా స్పీడ్‌టెస్ట్ యాప్‌లో పింగ్ దగ్గర మూడు నంబర్లు కనిపిస్తాయి. ఖాళీగా ఉన్నప్పుడు, డౌన్‌లోడ్ జరుగుతున్నప్పుడు, అప్‌లోడ్ జరుగుతున్నప్పుడు. మాకు ఖాళీగా ఉంటే 8 మిల్లీసెకన్లు, అప్‌లోడ్‌లో 400! అంటే ఎవరి ఫోనైనా ఫోటోలు బ్యాకప్ చేస్తుంటే ఆ టైంలో వీడియో కాల్ ముక్కలైపోతుంది. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. డేటా ప్యాకెట్లు రౌటర్‌లో క్యూ కట్టి నిలబడిపోవడం. స్పీడ్ నంబర్ ఎంత బాగున్నా ఈ క్యూ ఉంటే కాల్స్‌కీ గేమింగ్‌కీ నరకమే.

నిజంగా ఎంత స్పీడ్ కావాలి?

ఇక్కడ ఒక చిన్న లెక్క. నెట్‌ఫ్లిక్స్ 4కే వీడియోకి 15 ఎంబీపీఎస్ ఉంటే చాలని చెప్తుంది. ఫుల్ హెచ్‌డీకి 5. వీడియో కాల్‌కి 3-4. మా ఇంట్లో రెండు టీవీలూ 4కేలో నడుస్తూ, ముగ్గురు కాల్స్‌లో ఉండి, కెమెరాలు మూడూ క్లౌడ్‌కి పంపుతూ, ఇద్దరు రీల్స్ చూస్తున్నా మొత్తం 60-70 ఎంబీపీఎస్ దాటడం కష్టం. ప్లాన్ 200. మరి ఎందుకు ఆగిపోతోంది?

ఎందుకంటే వైఫైలో పంచుకునేది స్పీడ్ కాదు, టైమ్. పెళ్లి భోజనాల బంతి గుర్తు తెచ్చుకోండి. బంతి నిండా జనం, వడ్డించేవాడు ఒక్కడే. ఒకరికి వడ్డిస్తుంటే మిగతావాళ్లు ఆగాల్సిందే. అందరూ చకచకా పెట్టించుకుంటే ఇబ్బంది లేదు. కానీ బంతి చివర కూర్చున్న ఒకాయనకి మాట సరిగా వినపడక, ‘ఏంటీ? పప్పా? చారా?’ అని ప్రతిదానికీ నాలుగుసార్లు అడిగితే, ఆయన తినేది కొంచెమే అయినా బంతి మొత్తం ఆగుతుంది.

మా ఇంట్లో ఆ చివరాయన చెల్లి ల్యాప్‌టాప్. రెండు గోడల అవతల వీక్ సిగ్నల్‌తో నెమ్మదిగా మాట్లాడుతూ అందరి టైమూ తినేస్తోంది. స్మార్ట్ బల్బులు నాలుగున్నా వాటి వల్ల పెద్దగా భారం లేదు. అవి ఎప్పుడో ఒక మాట మాట్లాడి ఊరుకుంటాయి. కాబట్టి ‘100 డివైజ్‌లకి సపోర్ట్’ అని డబ్బా మీద రాస్తే పొంగిపోకండి. ఎన్ని డివైజ్‌లు అన్నదానికంటే అవి ఎక్కడున్నాయి, ఎంత టైమ్ తీసుకుంటున్నాయి అన్నదే ముఖ్యం.

వైఫై 5, 6, 7: ఏది తీసుకోవాలి?

వైఫై 5 రౌటర్లు ఇంకా చవగ్గా దొరుకుతున్నాయి. డివైజ్‌లు ఎక్కువున్న ఇంటికి ఇప్పుడు అవి వద్దు. వైఫై 5 స్టాండర్డ్ 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కే పరిమితం. వాటిలో 2.4 గిగాహెర్ట్జ్ మీద నడిచేది 2009 నాటి వైఫై 4.

వైఫై 6 సర్టిఫికేషన్ 2019లో మొదలైంది. ఇందులో మనలాంటి ఇళ్లకి పనికొచ్చేది టాప్ స్పీడ్ కాదు, ఓఎఫ్‌డీఎంఏ అనే టెక్నిక్. మళ్లీ బంతికే వెళ్దాం. వడ్డించేవాడు ఒక్కో కూరకీ ఒక్కో ట్రిప్ వేయకుండా, నాలుగు గిన్నెల స్టాండ్ చేత్తో పట్టుకుని ఒకే ట్రిప్‌లో నలుగురికీ తలా కొంచెం వడ్డిస్తే ఎలా ఉంటుందో అలా. చిన్న చిన్న డేటా ప్యాకెట్లు ఎక్కువగా ఉండే ఇంట్లో ఇది పనికొస్తుంది. అయితే అవతల ఫోన్, ల్యాప్‌టాప్ కూడా వైఫై 6 అయితేనే ఈ లాభం. ఇంకోటి, వైఫై 6 సర్టిఫైడ్ రౌటర్లలో డబ్ల్యూపీఏ3 సెక్యూరిటీ తప్పనిసరిగా ఉంటుంది.

మరి వైఫై 7? 2024 జనవరిలో సర్టిఫికేషన్ వచ్చింది. దాని అసలు బలం 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో వెడల్పైన ఛానెళ్లు. మన దేశంలో ఆ బ్యాండ్ కింది భాగం, అంటే 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ వరకూ 500 మెగాహెర్ట్జ్, లైసెన్స్ లేకుండా వాడుకునేందుకు 2025 మేలో ముసాయిదా నిబంధనలు వచ్చాయి. వైఫై 7 చెప్పుకునే 320 మెగాహెర్ట్జ్ ఛానెల్ ఆ 500లో ఒక్కటే పడుతుంది. పైగా బీఈ3600 అని రాసి ఉండే బడ్జెట్ వైఫై 7 రౌటర్లు చాలావరకు డ్యూయల్ బ్యాండే. వాటిలో 6 గిగాహెర్ట్జ్ అసలు లేదు. డబ్బా మీద ‘7’ ఉంది కదా అని కొనేయకుండా, 6 గిగాహెర్ట్జ్ ఉందా, ఇండియాలో అమ్మే మోడల్‌లో అది ఆన్ అవుతుందా అని చూడండి. ఇంట్లో వైఫై 7 ఫోన్లు రెండు మూడు ఉంటే ఆలోచించవచ్చు. లేకపోతే మంచి వైఫై 6 రౌటర్ చాలు.

డబ్బా మీద నంబర్ల వెనకాల

ఏఎక్స్3000 అంటే 3000 ఎంబీపీఎస్ వస్తుందని కాదు. 2.4 బ్యాండ్‌లో 574, 5 బ్యాండ్‌లో 2402, ఈ రెండూ కూడేసి రౌండ్ చేసిన నంబర్ అది. ఆ 2402 రావాలంటే 160 మెగాహెర్ట్జ్ ఛానెల్ కావాలి. చాలా ఫోన్లు 80 దగ్గరే ఆగుతాయి. అంటే వాటికి లింక్ స్పీడ్ 1201. అందులో చేతికొచ్చేది దాదాపు సగం, పరిస్థితి బాగుంటే ఇంకొంచెం ఎక్కువ. 200, 300 ప్లాన్‌లకి అది ధారాళంగా సరిపోతుంది.

• ఏఎక్స్1500: 300 + 1201. ఇందులో 2.4 బ్యాండ్ చాలా మోడళ్లలో పాత వైఫై 4 మాత్రమే.
• ఏఎక్స్1800: 574 + 1201. రెండు బ్యాండ్‌లూ వైఫై 6. దూరపు గదుల్లో ఫోన్లు 2.4కి దిగినప్పుడు ఈ తేడా తెలుస్తుంది.
• ఏఎక్స్3000: 574 + 2402. 160 మెగాహెర్ట్జ్ సపోర్ట్ ఉన్న ల్యాప్‌టాప్‌లు ఉంటే, లేదా మెష్ ఆలోచన ఉంటే మంచిది.

ఇప్పుడు నేను మోసపోయిన సంగతి. నా ‘1200’ రౌటర్‌లో వైఫై 300 + 867. కానీ వెనకాల ఉన్న పోర్టులు మాత్రం 100 ఎంబీపీఎస్‌వి! లోపల ఎంత వేగంగా తిరిగినా బయటి నుంచి నెట్ వచ్చే గుమ్మమే చిన్నది. ఓవర్‌హెడ్ పోగా 94 దగ్గర ఆగింది. స్పెసిఫికేషన్స్‌లో ‘10/100’ అని కనిపిస్తే పక్కన పెట్టేయండి. ‘10/100/1000’ లేదా ‘గిగాబిట్’ అని ఉండాలి. వాన్ పోర్ట్‌కీ, లాన్ పోర్ట్‌లకీ విడివిడిగా చూడండి. ప్లాన్ 1 గిగాబిట్ దాటితేనే 2.5 గిగాబిట్ పోర్ట్ అవసరం.

ఇవి కాక ఇంకో మూడు చూడండి. క్యూఓఎస్‌లో ప్లాన్ స్పీడ్ మనమే టైప్ చేసి లిమిట్ పెట్టుకునే వీలు ఉండాలి. కంపెనీ ఆ మోడల్‌కి ఈమధ్య ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఇచ్చిందో లేదో సపోర్ట్ పేజీలో చూడాలి. తర్వాత రెండో యూనిట్ కలుపుకునేలా మెష్ సపోర్ట్ ఉండాలి. టీపీ-లింక్ ఈజీమెష్, ఆసుస్ ఏఐమెష్ ఇలాంటివే. యాంటెన్నాలు ఎన్ని ఉన్నాయి అన్నది మాత్రం చూడకండి. నాలుగు కొమ్ములున్నంత మాత్రాన సిగ్నల్ రెట్టింపు అవ్వదు.

రౌటర్ కంటే ముందు ప్లేస్ మార్చండి

మన ఫ్లాట్లలో ఇటుక గోడలు, ఆర్‌సీసీ పిల్లర్లు. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ రెండు గోడలు దాటేసరికి నీరసించిపోతుంది. అలాంటిది ఫైబర్ వాళ్లు వచ్చి మెయిన్ డోర్ పక్కన, అంటే ఇంటికి ఒక మూల, టీవీ వెనకాల పెట్టేసి పోతారు. సగం సిగ్నల్ లిఫ్ట్ దగ్గర నిలబడ్డవాళ్లకి పోతుంది.

మేము చేసింది ఇది. ఫైబర్ డబ్బాని కదపలేదు. ఫైబర్ వైర్‌ని ఎక్కువగా వంచితే దెబ్బతింటుంది, అది మన పని కాదు. డబ్బా నుంచి 12 మీటర్ల క్యాట్ 6 కేబుల్ గోడ అంచు వెంట క్లిప్పులతో లాగి, ఇంటి మధ్యలో బెడ్‌రూమ్‌ల నడవాలో, తలుపు ఎత్తుకి కొంచెం పైన కొత్త రౌటర్ పెట్టాం. క్యాట్ 5ఈ అయినా 100 మీటర్ల వరకూ గిగాబిట్ మోస్తుంది. కాబట్టి ఇంట్లో పాత కేబుల్ ఉంటే వాడేయండి. రౌటర్‌ని అటకలో, చెక్క అల్మరా లోపల, ఫ్రిజ్ మీద మాత్రం పెట్టకండి.

డూప్లెక్స్, లేదా కింద ఒక పోర్షన్ పైన ఒక పోర్షన్ ఉన్న ఇల్లయితే ఒక్క రౌటర్‌తో అవ్వదు. అక్కడ మెష్ కావాలి. అందులోనూ యూనిట్ల మధ్య కేబుల్ లాగగలిగితే అంతకంటే మంచిది లేదు. కేబుల్ లేని డ్యూయల్ బ్యాండ్ మెష్‌లో ఒకే రేడియో ఇటు మీ ఫోన్‌తో, అటు మెయిన్ యూనిట్‌తో మాట్లాడాలి. స్పీడ్ దాదాపు సగం పోతుంది. చవక రిపీటర్ల సంగతీ అంతే.

పాత డబ్బాని పారేయకండి

చాలామందికి వచ్చే డౌట్ ఇది: కొత్త రౌటర్ కొంటే నెట్ కంపెనీ డబ్బా తీసేయాలా? వద్దు. అందులోనే ఓఎన్‌టీ ఉంటుంది. ఫైబర్‌లో వచ్చే వెలుతురుని డేటాగా మార్చేది అదే. కొత్త రౌటర్ దాని వెనకాల వస్తుంది. రెండు పద్ధతులున్నాయి.

బ్రిడ్జ్ మోడ్: పాత డబ్బా వైర్ మార్చే పని మాత్రమే చేస్తుంది, మిగతాదంతా మన రౌటర్ చూసుకుంటుంది. చాలా కనెక్షన్లకి పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కావాలి. కస్టమర్ కేర్‌ని అడిగి ముందే తీసుకోండి. ఆ డబ్బాకి ల్యాండ్‌లైనో, సెట్‌టాప్ బాక్సో కలిపి ఉంటే, బ్రిడ్జ్ మోడ్ తర్వాత అవి పనిచేస్తాయా అని కూడా అడగండి.

యాక్సెస్ పాయింట్ మోడ్: కనెక్షన్ పాత డబ్బాలోనే ఉంటుంది, కొత్తది వైఫై మాత్రమే ఇస్తుంది. పది నిమిషాల పని. కానీ ఈ మోడ్‌లో చాలా రౌటర్లలో క్యూఓఎస్ పనిచేయదు. కాల్స్ కోసమే కొంటుంటే బ్రిడ్జ్ మోడే నయం.

ఏది ఎంచుకున్నా పాత డబ్బాలో వైఫై ఆఫ్ చేయండి. లేకపోతే సగం డివైజ్‌లు పాతదానికే అంటుకుని ఉంటాయి.

పెట్టిన రోజు చేయాల్సినవి

• పాత వైఫై పేరు, పాస్‌వర్డే కొత్తదానికీ పెట్టండి. బల్బులు, కెమెరాలు చాలావరకు వాటంతటవే కనెక్ట్ అవుతాయి. అమ్మానాన్నల ఫోన్లు ఒక్కొక్కటీ సెట్ చేసే బాధ తప్పుతుంది.
• సెక్యూరిటీలో డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపి ఉన్న ఆప్షన్ పెట్టండి. పాత స్మార్ట్ డివైజ్‌లకి డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెడితే కనెక్ట్ కావు.
• అపార్ట్‌మెంట్ అయితే 2.4 బ్యాండ్‌ని 20 మెగాహెర్ట్జ్‌లో, ఛానెల్ 1, 6, 11లో ఒకదాంట్లో ఉంచండి. ఒకదానికొకటి అడ్డురానివి ఆ మూడే. 5 బ్యాండ్‌కి 80 చాలు.
• టీవీలకి వీలైతే కేబుల్ ఇవ్వండి. టీవీలో 100 ఎంబీపీఎస్ పోర్టే ఉన్నా 4కేకి సరిపోతుంది. బంతిలో ఇద్దరు పెద్ద తిండివాళ్లు లేచి పక్క టేబుల్‌కి వెళ్లినట్టే.
• క్యూఓఎస్‌లో అప్‌లోడ్, డౌన్‌లోడ్ రెండిటికీ ప్లాన్‌లో 90 శాతం లిమిట్ పెట్టండి. మాకు లోడ్‌లో పింగ్ 400 నుంచి 30కి దిగింది. ఇంట్లో అందరికీ తేడా తెలిసింది ఇక్కడే.
• ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసి, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి.

కరెంటు పోతే?

ఇన్వర్టర్ ఉన్నా, రౌటర్ పెట్టిన ప్లగ్ పాయింట్ ఆ లైన్ మీద లేకపోతే లాభం లేదు. ఉన్నా కూడా కరెంటు మారే ఆ క్షణంలో కొన్ని రౌటర్లు రీస్టార్ట్ అవుతాయి. మళ్లీ నెట్ వచ్చేసరికి రెండు మూడు నిమిషాలు. ఇంటర్వ్యూలో అంత టైమ్ ఎవరిస్తారు? అందుకే ఒక మినీ యూపీఎస్ తీసుకోండి. అడాప్టర్ల మీద రాసి ఉన్న వోల్టేజ్, ఆంపియర్ చూసి కొనండి. ఓఎన్‌టీ 12 వోల్టులు 1 ఆంపియర్, రౌటర్ 12 వోల్టులు 1.5 ఆంపియర్ అయితే రెండూ కలిపి 30 వాట్లు ఇవ్వగలిగేది కావాలి. ఓఎన్‌టీకి బ్యాకప్ లేకుండా రౌటర్‌కి మాత్రమే ఇస్తే వైఫై ఉంటుంది, నెట్ ఉండదు.

మరి ఏది కొనాలి?

సింగిల్ బెడ్‌రూమ్, పది పన్నెండు డివైజ్‌లు, 100 ప్లాన్: ఏమీ కొనకండి. ఉన్న డబ్బాని మంచి ప్లేస్‌కి మార్పించి చూడండి.

రెండు మూడు బెడ్‌రూమ్‌లు, 20-30 డివైజ్‌లు, 500 వరకూ ప్లాన్: ఏఎక్స్1800 లేదా ఏఎక్స్3000, అన్నీ గిగాబిట్ పోర్టులు, లిమిట్ పెట్టుకునే క్యూఓఎస్. ఇంటి మధ్యకి ఒక కేబుల్. నేను తీసుకుంది ఏఎక్స్3000. నాలుగు వేల చిల్లర అయింది. కేబుల్, క్లిప్పుల ఖర్చు వెయ్యి కూడా కాలేదు. నిజానికి చెల్లి గదిలో 12ని 140 చేసింది ఆ కేబులే ఎక్కువ.

డూప్లెక్స్, రెండు పోర్షన్లు: రెండు యూనిట్ల మెష్, మధ్యలో కేబుల్.

ఇక గురువారం సంగతి. చెల్లి ఇంటర్వ్యూ 47 నిమిషాలు నడిచింది. హాల్లో నాన్నగారు క్రికెట్ చూస్తున్నారు, వదిన ఆఫీస్ కాల్‌లో ఉంది, అమ్మ ఎవరితోనో వీడియోలో వంట మాట్లాడుతోంది. ‘ఎవరూ నెట్ వాడకండి’ అని నేను అరవలేదు. ఒక్కసారి కూడా ఫ్రీజ్ అవ్వలేదు. రిజల్ట్ ఇంకా రాలేదు. ‘ఈసారి పోతే వైఫై మీదకి నెట్టడానికి కూడా లేకుండా చేశావు కదరా అన్నయ్యా’ అని ఇప్పుడు నన్నే తిడుతోంది.